స్విచ్ఛాఫ్ చేసిన ఫోన్‌కు చెవులుంటాయా?

పంజాగుట్ట, అమీర్‌పేట: గోడలకు చెవులుంటాయన్నది పాత సామెత. జేబులోని సెల్‌ఫోన్‌కు, అదీ స్విచ్ఛాఫ్ చేసిన సెల్‌ఫోన్‌కు కూడా చెవులుంటాయా అన్నది ఈ కాలపు సందేహం. నగరం నడిబొడ్డున ఉన్న ఈ రెండు ప్రాంతాల్లో ఆ సందేహానికి మూలం వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. రాష్ట్ర రాజకీయాలను కుదిపేసిన ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 మార్చి 10న నమోదైంది పంజాగుట్ట పోలీసుస్టేషన్‌లోనే. అప్పటి నుంచి నలుగురు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోవాల్సి వస్తే ముందు ఫోన్ ఆపేయడం, ఆపినా నమ్మకం చాలక పక్క గదిలో పెట్టి రావడం చాలామందికి అలవాటైంది. ‘ఆపేసిన ఫోన్‌ను కూడా ఎక్కడో కూర్చుని ఆన్ చేసేస్తారట’ అన్న మాట హోటళ్లలోనూ, హాస్టళ్లలోనూ, మెట్రో రైళ్లలోనూ వినిపిస్తూనే ఉంది.

ఇంతకీ అది సాధ్యమేనా? సూటిగా చెప్పాలంటే, నిజంగా ఆగిపోయిన ఫోన్‌ను సెల్ టవర్ ద్వారా సంకేతం పంపి లేపడం సాధ్యం కాదు. అయితే ఇందులో ‘నిజంగా’ అన్న మాటే కీలకం. నిద్రపోయేవాణ్ని లేపవచ్చు గానీ నిద్ర నటించేవాణ్ని లేపలేమంటారు. ఫోన్ల విషయంలో ఇది తిరగబడింది. నిద్రపోయిన ఫోన్‌ను ఎవరూ దూరం నుంచి లేపలేరు. భయపడాల్సింది నిద్ర నటించే ఫోన్‌కు.

మీట నొక్కితే ఏమవుతుంది?

సెల్‌ఫోన్ లోపల ఒక్క యంత్రం కాదు, చిన్న చిన్న యంత్రాల కుటుంబమే ఉంటుంది. తెర మీద కనిపించే పనులన్నీ చేసేది ప్రధాన ప్రాసెసర్. టవర్‌తో మాటలు నడిపేది దాని పక్కనే ఉండే మరో ప్రాసెసర్, దాన్నే బేస్‌బ్యాండ్ అంటారు. బ్యాటరీ నుంచి ఎవరికెంత విద్యుత్తు వెళ్లాలో పంచిపెట్టే చిప్ వేరు. ఫోన్‌ను స్విచ్ఛాఫ్ చేసినప్పుడు ఈ పంపిణీ చిప్ మిగిలిన వాటన్నింటికీ సరఫరా నిలిపివేస్తుంది. తాను మాత్రం చుక్క విద్యుత్తుతో మేల్కొని ఉండి రెండు పనులు చూస్తుంది. గడియారాన్ని నడపడం మొదటిది. పవర్ మీట నొక్కారా, చార్జర్ గుచ్చారా అని కనిపెట్టుకుని ఉండటం రెండోది.

‘ఫోన్ దానంతటదే ఆన్ అయింది’ అని కొందరు ప్రమాణం చేసి చెప్పడానికి కారణం సాధారణంగా ఈ గడియారమే. నోకియా 1100 వంటి పాత ఫోన్లు వాడిన వారికి ఇది గుర్తుండే ఉంటుంది. రాత్రి ఫోన్ ఆపేసి పడుకున్నా తెల్లవారుజామున అలారం ఠంచనుగా మోగేది. దాన్ని ఆపగానే, కాల్స్ కోసం ఫోన్‌ను ఆన్ చేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చేది. అంటే ఫోన్ లేచింది. కానీ లేపింది లోపలి గడియారం, బయటి టవర్ కాదు. ఫలానా వేళకు ఆగి ఫలానా వేళకు లేచేలా సమయం పెట్టుకునే సదుపాయం ఆ తర్వాత అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ వచ్చింది. ఎప్పుడో తెలియక నొక్కిన ఆ సదుపాయం అర్ధరాత్రి పనిచేస్తే గుండె గుభేలుమనడం సహజమే.

చార్జింగ్ సంగతీ అంతే. ఆపేసిన ఫోన్‌కు చార్జర్ పెట్టగానే తెర మీద బ్యాటరీ బొమ్మ కదులుతుంది. ఆ బొమ్మ చూపడానికి ఫోన్ సగం లేవాల్సిందే. అయితే ఆ సగంలో టవర్‌తో మాట్లాడే భాగం ఉండదు.

టవర్ నుంచి వచ్చే పిలుపును అందుకోవాలంటే ఫోన్‌లో రిసీవర్ పనిచేస్తూ ఉండాలి. ఫోన్ ఆన్‌లో ఉండగా, తెర నల్లగా ఉన్నప్పుడు కూడా, ఆ రిసీవర్ క్షణక్షణం లేచి తనకేమైనా పిలుపు వచ్చిందా అని విని మళ్లీ కునుకు తీస్తుంది. అందుకే జేబులో ఊరికే పడి ఉన్న ఫోన్‌కూ బ్యాటరీ ఖర్చవుతుంది. స్విచ్ఛాఫ్ చేస్తే ఈ వినికిడే ఉండదు. మెయిన్ స్విచ్ కట్టేసిన ఇంటి కాలింగ్ బెల్ ఎంతసేపు నొక్కితే ఏం లాభం? ‘ఆన్ కా’ అన్న ఆజ్ఞ ఎంత గొప్ప సంస్థ పంపినా దాన్ని వినే చెవి అక్కడ ఉండదు.

ఇంకో ముచ్చట కూడా ఉంది. మీట నొక్కి ఆపినప్పుడు ఫోన్ చడీచప్పుడు లేకుండా పోదు. నేను వెళుతున్నానని నెట్‌వర్క్‌కు చివరగా ఒక సందేశం పంపి మరీ ఆగుతుంది. ఆ సమాచారాన్ని నెట్‌వర్క్ తన చిట్టాలో రాసుకుంటుంది. బ్యాటరీ ఊడబెరికితేనో, ఫోన్ నీళ్లలో పడితేనో ఈ వీడ్కోలు సందేశం వెళ్లదు. అప్పుడు నెట్‌వర్క్ కొంతసేపు ఫోన్ ఉందనే అనుకుని వెతుకుతుంది. నిర్ణీత గడువులో ఉలుకూ పలుకూ లేకపోతే లేనట్టు లెక్కగడుతుంది. నేర దర్యాప్తులో ‘చివరి లొకేషన్’ అని తరచూ వినబడేది ఈ చిట్టాలోని సమాచారమే. ఫోన్ ఆపేస్తే జాడ ఆగిపోతుందన్నది నిజమే గానీ ఆపిన చోటు, ఆపిన సమయం మాత్రం చెరిగిపోవు. ఘటనకు పది నిమిషాల ముందు ఆగి, రెండు గంటల తర్వాత తెరుచుకున్న ఫోన్ దర్యాప్తు అధికారి కళ్లకు ఇట్టే కనబడుతుంది. కాల్ వివరాలను కనీసం రెండేళ్లు భద్రపరచాలని టెలికాం సంస్థల లైసెన్సు నిబంధనలను 2021 డిసెంబర్‌లో సవరించారు.

అనుమానం ఎక్కడ పుట్టింది?

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈ పొగకూ ఒక నిప్పు ఉంది, అది న్యూయార్క్‌లో రాజుకుంది. జెనోవీస్ అనే మాఫియా ముఠాపై దర్యాప్తు చేస్తున్న అమెరికా ఎఫ్‌బీఐ, ఆ ముఠాలోని జాన్ అర్డిటో సెల్‌ఫోన్ ద్వారా చుట్టుపక్కల సంభాషణలు విన్నది. ఆ సాక్ష్యం చెల్లదన్న వాదనపై జడ్జి లూయిస్ కాప్లాన్ 2006 నవంబర్‌లో తీర్పు చెబుతూ, అమర్చిన పరికరం ఫోన్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా పనిచేసిందని ప్రస్తావించారు. ఆ ఒక్క వాక్యం ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫోన్‌లో విడిగా పరికరం దాచారా, సాఫ్ట్‌వేర్ జొప్పించారా అన్నదానిపై అప్పట్లో నిపుణులు రెండుగా చీలిపోయారు. విడిగా మైకు, దానికో ట్రాన్స్‌మిటర్ దాచి ఉంటే అది ఫోన్ పనిచేసినట్టు కాదు. ఫోన్ డొక్కలో మరో యంత్రం దాక్కున్నట్టు. కానీ జనం నోళ్లలో నలిగే సరికి ‘ఆపేసినా వింటారు’ అన్న ముక్కే మిగిలింది.

ఆ తర్వాత 2013 జులైలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక మరో కథనం ప్రచురించింది. ఆపేసిన సెల్‌ఫోన్ల ఆచూకీ కూడా కనిపెట్టే పద్ధతిని అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2004 సెప్టెంబర్ నాటికే సాధించిందని, ఇరాక్ యుద్ధంలో దాన్ని వాడారని అందులో ఉంది. పద్ధతి ఏమిటన్నది మాత్రం బయటపెట్టలేదు. ఎన్‌ఎస్‌ఏ రహస్యాలు వెల్లడించిన ఎడ్వర్డ్ స్నోడెన్ 2013లో హాంకాంగ్‌లో తనను కలవడానికి వచ్చిన న్యాయవాదుల ఫోన్లను ఫ్రిజ్‌లో పెట్టించారు. 2014 మేలో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఆపేసిన ఫోన్‌ను కూడా ఆన్ చేయగలరని ఆయన అన్నారు. సాంకేతిక నిపుణులు దానికి చెప్పిన భాష్యం ఒక్కటే. ముందుగానే ఫోన్‌లోకి దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఉంటే, యజమాని మీట నొక్కినప్పుడు ఫోన్ ఆగినట్టు నటిస్తుంది తప్ప ఆగదు. ఫ్రిజ్‌లో పెట్టడం కూడా ఫోన్‌ను చంపడానికి కాదు, మందపాటి గోడల మధ్య మాటలు సరిగా వినబడకుండా చేయడానికి.

నిద్ర నటించే ఫోన్లు

ఇలాంటి నటన కేవలం ఊహ కాదని 2015 ఫిబ్రవరిలో తేలింది. భద్రతా సంస్థ ఏవీజీ బయటపెట్టిన ఒక ఆండ్రాయిడ్ వైరస్ సరిగ్గా ఇదే పని చేసింది. యజమాని పవర్ మీట నొక్కగానే ఆ వైరస్ అసలు ఆదేశాన్ని మధ్యలో పట్టేసేది. ఫోన్ ఆగుతున్నట్టు బొమ్మ చూపి, తెర నల్లగా చేసేది. లోపల మాత్రం ఫోన్ బతికే ఉండి కాల్స్ చేయగలిగేది, ఫొటోలు తీయగలిగేది. సుమారు 10 వేల ఫోన్లకు, అవీ ఎక్కువగా చైనాలో, సోకినట్టు ఆ సంస్థ ప్రకటించింది. అప్పటి 5.0 కంటే పాత ఆండ్రాయిడ్‌లలో, అదీ సంపూర్ణ అధికారం అంటే రూట్ అనుమతి చిక్కితేనే ఇది సాగింది. అధికారిక స్టోర్ బయట దొరికే యాప్‌లతో కలిసి అది ఫోన్లలో చేరింది.

ఐఫోన్లకూ మినహాయింపు లేదు. అప్పటికే హ్యాక్ అయిన ఐఫోన్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసినట్టు భ్రమ కల్పించవచ్చని 2022 జనవరిలో జెకాప్స్ అనే సంస్థ ప్రయోగపూర్వకంగా చూపింది. తెర చీకటి, మీటకు స్పందన లేదు, రింగు లేదు. కెమెరా, మైకు మాత్రం పనిచేస్తుంటాయి. ఈ రెండు ఉదంతాల్లోనూ గమనించాల్సిందేమంటే, ఆపిన తర్వాత ఎవరూ లోనికి రాలేదు. ఫోన్ నడుస్తున్నప్పుడే వచ్చి కూర్చున్నారు. దొంగ తలుపు వేశాక దూరలేదు, వేయకముందే అటక ఎక్కాడు.

పెగాసస్ పేరు 2021లో మార్మోగినప్పుడు కూడా ఇదే తికమక చోటుచేసుకుంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ తయారుచేసిన ఈ నిఘా సాఫ్ట్‌వేర్ యజమాని వేలు కదపకుండానే ఫోన్‌లోకి చొరబడి మైకు, కెమెరా తెరవగలదు. అయితే ఆన్‌లో ఉన్న ఫోన్‌లోనే. మన దేశంలో దీనిపై సుప్రీంకోర్టు 2021 అక్టోబర్ 27న సాంకేతిక కమిటీని నియమించింది. ఆ కమిటీ 29 ఫోన్లను పరిశీలించి ఐదింటిలో ఏదో ఒక హానికర సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు గుర్తించినా, అది పెగాసస్ అని నిర్ధారించలేకపోయిందని 2022 ఆగస్టులో న్యాయస్థానం వెల్లడించింది. విశేషమేమంటే ఈ తరహా నిఘా సాఫ్ట్‌వేర్లలో చాలావరకు ఫోన్ నిజంగా ఆగి మళ్లీ లేస్తే చెదిరిపోతాయి. వారానికోసారి ఫోన్‌ను ఆపి ఆన్ చేయమని సాక్షాత్తూ ఎన్‌ఎస్‌ఏయే 2020లో తన సలహాపత్రంలో సూచించింది. నిఘాలో ఆరితేరిన సంస్థ ఇచ్చిన సలహా కాబట్టి దీనికి విలువ ఎక్కువే.

సగం నిద్ర.. కొత్త చిక్కు

పాత ఫోన్ల లెక్క ఇంతటితో సరిపోయేది. కొత్త ఫోన్లు వచ్చాక ‘స్విచ్ఛాఫ్’ అన్న పదానికి అర్థమే కొంత మారింది. 2021 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 15తో, ఆపేసిన ఐఫోన్ కూడా పోతే వెతుక్కోవడానికి వీలుగా బ్లూటూత్ సంకేతం వెదజల్లే సదుపాయం వచ్చింది. ఆ దారిన పోయే ఇతర ఆపిల్ పరికరాలు ఆ సంకేతాన్ని అందుకుని యజమానికి జాడ చేరవేస్తాయి. గూగుల్ కూడా 2024లో పిక్సెల్ 8 ఫోన్లకు ఇటువంటి సదుపాయమే కల్పించింది. ఫోన్ ఆపేటప్పుడు ఐఫోన్ తెర మీద, ఆపిన తర్వాత కూడా దీన్ని కనిపెట్టవచ్చన్న వాక్యం చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని చదివేవారు అరుదు.

ఇక్కడ కూడా ఫోన్ చెప్పేదే గానీ వినేది కాదు. మైకు పనిచేయదు, టవర్‌తో సంబంధం ఉండదు. ‘నేనిక్కడున్నాను’ అన్న ముక్కను చిన్న చిప్ పలుకుతుంటుంది. అయితే జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022 మేలో ఒక హెచ్చరిక చేశారు. ఆపాక కూడా మెలకువగా ఉండే బ్లూటూత్ చిప్‌లోకే ముందుగా దొంగ ప్రోగ్రాం ఎక్కించగలిగితే అది ఫోన్ ఆగాక కూడా నడిచే అవకాశం ఉందన్నారు. అది ప్రయోగశాలలో తేల్చిన బలహీనత. సామాన్యుడి ఫోన్ మీద ఎవరైనా అంత శ్రమ పడతారా అన్నది వేరే సంగతి. ఇష్టం లేనివారు ఫోన్ ఆపేముందు సెట్టింగుల్లో ఆ సదుపాయాన్ని నిలిపివేసుకోవచ్చు. అలా చేస్తే ఫోన్ పోయినప్పుడు వెతుక్కునే దారి మూసుకుపోతుందన్నది గుర్తుంచుకోవాలి.

పంజాగుట్ట కేసులో జరిగిందేమిటి?

మావోయిస్టుల కదలికలపై నిఘాకు ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో, అంటే ఎస్‌ఐబీలో 2023 శాసనసభ ఎన్నికల ఫలితాలు వెలువడిన మరునాడు, డిసెంబర్ 4న, హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారన్న ఫిర్యాదుతో ఈ కేసు మొదలైంది. అప్పటికే సస్పెన్షన్‌లో ఉన్న డీఎస్పీ ప్రణీత్‌రావును 2024 మార్చిలో అరెస్టు చేశారు. మరికొందరు పోలీసు అధికారులు ఆ వెంటే అరెస్టయ్యారు. ఎస్‌ఐబీ మాజీ అధిపతి ప్రభాకర్‌రావు 2025 జూన్‌లో అమెరికా నుంచి తిరిగివచ్చి విచారణకు హాజరయ్యారు. రాజకీయ నాయకులు, వారి బంధుమిత్రులు తదితరుల ఫోన్లను మావోయిస్టుల పేరు చెప్పి విన్నారన్నది ప్రధాన ఆరోపణ. నిందితులు ఆరోపణలను ఖండిస్తున్నారు. నిజానిజాలు న్యాయస్థానంలో తేలాల్సినవి. కేంద్ర హోంశాఖ 2017 సంవత్సరానికి ప్రకటించిన ఉత్తమ పోలీసుస్టేషన్ల జాబితాలో దేశంలో రెండో స్థానం పొందిన పంజాగుట్ట ఠాణాకు పోలీసులపై పోలీసులే ఫిర్యాదు చేసిన కేసు రావడం ఒక విచిత్రం.

సాంకేతికంగా చూస్తే ట్యాపింగ్‌కూ, ఫోన్ ఆన్ ఆఫ్‌లకూ సంబంధమే లేదు. ట్యాపింగ్ జరిగేది చేతిలోని ఫోన్‌లో కాదు, టెలికాం సంస్థ ఎక్స్ఛేంజీలో. అధికారికంగా ఒక నంబరును ఇస్తే, ఆ నంబరుకు వచ్చే పోయే కాల్స్, సంక్షిప్త సందేశాల నకలు నిఘా కేంద్రానికి చేరేలా సంస్థ తన వ్యవస్థలో ఏర్పాటు చేస్తుంది. ఫోన్‌లో అణువంతైనా మార్పు ఉండదు. అందుచేత కాల్ మధ్యలో టకటకమనే శబ్దం, ప్రతిధ్వని, బ్యాటరీ వేడి వంటివి ట్యాపింగ్‌కు గుర్తులన్న ప్రచారంలో పస లేదు. అదేవిధంగా స్విచ్ఛాఫ్‌లో ఉన్న ఫోన్‌కు కాలే లేదు కనుక ట్యాప్ చేయడానికీ ఏమీ ఉండదు. గదిలోని మాటలు వినడం వేరు, ఫోన్ కాల్ వినడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే సగం గందరగోళం. వాట్సాప్ వంటి వాటి కాల్స్ ఒక ఫోన్ నుంచి మరో ఫోన్ దాకా సంకేతభాషలో వెళతాయి కాబట్టి ఎక్స్ఛేంజీలో నకలు తీసినా మాటలు అర్థం కావు. ఎప్పుడు ఎంతసేపు ఇంటర్నెట్ వాడారన్న వివరం మాత్రం దొరుకుతుంది.

చట్టం ఏమంటోందన్నదీ తెలుసుకోవాల్సిందే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సెక్షన్ 5(2) కింద ఈ అధికారం చిరకాలంగా ఉంది. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబర్ 18న దీనికి కళ్లెం వేసింది. దాని మేరకు 2007లో 419ఏ నిబంధన వచ్చింది. కేంద్రంలోనైనా రాష్ట్రంలోనైనా హోంశాఖ కార్యదర్శి లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగించినా మొత్తం 180 రోజులు మించరాదు. రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి నేతృత్వంలోని సమీక్ష సంఘం దాన్ని పరిశీలించాలి. 2023 టెలికాం చట్టం కింద 2024 డిసెంబర్‌లో ప్రకటించిన కొత్త నిబంధనలు పాతవాటి స్థానంలోకి వచ్చాయి. తనపై నిఘా ఉందా అని పౌరుడు అడిగి తెలుసుకునే దారి మాత్రం నాడూ లేదు, నేడూ లేదు. స్విచ్ఛాఫ్ భయాల కంటే జనం పట్టించుకోవాల్సిన లోపం ఇదే.

పోయిన ఫోన్ ఆగి ఉంటే?

అమీర్‌పేటలో ఈ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. రెండు మెట్రో మార్గాలు కలిసే స్టేషన్, మైత్రీవనం వెనుక వీధుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల కింద కిటకిటలాడే విద్యార్థులు, గల్లీ గల్లీకి హాస్టళ్లు. ఇంత రద్దీలో ఫోన్ పోవడం వింత కాదు. కొట్టేసినవాడు చేసే మొదటి పని దాన్ని ఆపేసి సిమ్ పారేయడం. నోట్సులు, ఇంటర్వ్యూ పిలుపులు, బ్యాంకు ఖాతా అన్నీ అందులోనే ఉన్న విద్యార్థి పోలీసులను అడిగేది ఒక్కటే: ‘ఇక్కడి నుంచే దాన్ని ఆన్ చేయలేరా?’

చేయలేరు. చేయాల్సిన అవసరమూ లేదు. ప్రతి ఫోన్‌కూ 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య ఉంటుంది. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే తెర మీద కనిపిస్తుంది. పెట్టె మీదా, బిల్లు మీదా ముద్రించి ఉంటుంది. కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే సీఈఐఆర్ పోర్టల్‌లో ఈ సంఖ్యను నమోదు చేస్తే అన్ని నెట్‌వర్క్‌లలో ఆ ఫోన్ నిలిచిపోతుంది. తెలంగాణలో 2023 ఏప్రిల్‌లో మొదలైన ఈ ఏర్పాటు మరుసటి నెలలో దేశమంతటికీ వచ్చింది. దొంగ ఎన్నాళ్లు ఆపి ఉంచినా, అమ్మాక కొన్నవాడు ఏదో ఒకనాడు సిమ్ వేసి ఆన్ చేయకుండా ఉండడు. ఆ క్షణంలో ఐఎంఈఐ నెట్‌వర్క్‌కు కనబడుతుంది, సమాచారం పోలీసులకు చేరుతుంది. ఫోన్‌ను లేపడం కాదు, అది లేచేదాకా కాపు కాయడం. పోయిన ఫోన్ల రికవరీలో తెలంగాణ దేశంలో ముందు వరుసలో నిలిచింది ఈ కాపు కాయడం వల్లనే.

ఇందుకు పోలీసు ఫిర్యాదు ప్రతి, గుర్తింపు పత్రం, కొన్న బిల్లు అవసరమవుతాయి. అంతకంటే ముందు అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని పాతదాన్ని చంపేయాలి. లేకపోతే ఫోన్ దొంగ కాస్తా బ్యాంకు దొంగ అవుతాడు. డబ్బు కదిలినట్టు తెలిస్తే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

దూరపు శత్రువు కంటే దగ్గరి చేయి

ఎక్కడో కూర్చున్న గూఢచారుల గురించి భయపడేవారే మరమ్మతు కౌంటరులో ఫోన్ ఇచ్చి, దాని లాక్ సంఖ్యను రసీదు మీద రాసిచ్చి టీ తాగడానికి వెళుతుంటారు. అసలు ముప్పు అక్కడుంది. భార్యపైనో, భర్తపైనో, ఉద్యోగిపైనో కన్నేసి ఉంచడానికంటూ అమ్మే నిఘా యాప్‌లలో అధిక భాగం చేతిలో ఫోన్ పడితే తప్ప ఎక్కించలేనివి. తెరిచి ఉన్న ఫోన్ కొద్ది నిమిషాలు చిక్కితే చాలు. హాస్టల్ గదిలో స్నేహితురాలి ఫోన్ అడిగి తీసుకున్నవారు, పెళ్లి సంబంధం కుదిరాక ‘ఒకసారి ఫోన్ ఇవ్వు’ అన్నవారు కూడా ఆ పని చేయగలరు. అనుమతి లేకుండా ఇలా చేయడం ఐటీ చట్టం ప్రకారం నేరం. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు లాక్ సంఖ్య చెప్పకుండా ఎదుట నిలబడి తానే తెరిచి ఇవ్వడం, వీలుకాకపోతే సమాచారం దాచుకుని ఫోన్‌ను ఖాళీ చేసి ఇవ్వడం ఉత్తమం. శాంసంగ్ వంటి కొన్ని కంపెనీల ఫోన్లలో మరమ్మతు సమయంలో సొంత సమాచారం కనబడకుండా దాచే ప్రత్యేక ఏర్పాటు కూడా ఉంది.

తన ఫోన్ నిజంగా ఆగిందో లేదో తేల్చుకోవాలనుకునే వారికి కొన్ని ఆనవాళ్లున్నాయి. రాత్రి ఆపేటప్పుడు బ్యాటరీ శాతం రాసుకుని తెల్లవారి చూడాలి. నిజంగా ఆగిన ఫోన్‌లో అది దాదాపు కదలదు. గదిలో మాటలు విని టవర్‌కు పంపే ఫోన్ తెల్లారే సరికి బ్యాటరీ తాగేస్తుంది, తాకితే వెచ్చగా ఉంటుంది. ఆగిన ఫోన్ లేవడానికి కొంత సమయం పట్టి కంపెనీ గుర్తు చూపుతుంది. మీట తాకగానే నేరుగా తెర వెలిగితే అది ఆగలేదన్నమాట. పాత 2జీ ఫోన్ల కాలంలో ఇంకో తేలిక దారి ఉండేది. కాల్ వచ్చే ముందు పక్కనున్న రేడియోలోనూ, టీవీలోనూ గుర్రుమని శబ్దం వచ్చేది. 4జీ వచ్చాక ఆ గురక తగ్గిపోయింది.

బ్యాటరీ ఊడదీయడం ఒకప్పటి రామబాణం. ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ అంటించి ఉండటంతో ఆ అవకాశం లేదు. దానికి బదులు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మీటను పది సెకన్లకు మించి నొక్కి ఉంచితే, ఐఫోన్లలో నిర్ణీత వరుసలో మీటలు నొక్కితే, సాఫ్ట్‌వేర్‌తో నిమిత్తం లేకుండా విద్యుత్ చిప్పే ఫోన్‌ను కట్టేసి మళ్లీ లేపుతుంది. నటించే సాఫ్ట్‌వేర్‌కు దీన్ని అడ్డుకోవడం కష్టం. మరీ గోప్యమైన సమావేశాలకు మాత్రం వీటన్నిటి కంటే ఫోన్‌ను బయట వదిలిరావడమే మేలు.

ఇదంతా ఒకవైపు. రెండోవైపు నుంచి చూస్తే ఆపేసిన ఫోన్ పోలీసులకే తలనొప్పి. ఫోన్ నడుస్తున్నంతసేపూ అందులోని సమాచారాన్ని తెరిచే తాళంచెవులు జ్ఞాపకశక్తిలో ఉంటాయి. ఆగితే అవి చెరిగిపోతాయి. మళ్లీ ఆన్ చేశాక యజమాని లాక్ సంఖ్య కొట్టేదాకా సమాచారం గట్టి తాళంలోనే ఉంటుంది. అందుకే స్వాధీనం చేసుకున్న ఫోన్ ఆన్‌లో ఉంటే దర్యాప్తు అధికారులు ఆపడానికి తొందరపడరు. సంకేతాలు చొరబడని సంచిలో పెట్టి రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకో, రామంతాపూర్‌లోని కేంద్ర ప్రయోగశాలకో పంపుతారు. ఆ సంచి కూడా దూరం నుంచి వచ్చే ఆజ్ఞకు అడ్డుకట్టే. ఫోన్‌ను ఆన్ చేయమనే ఆజ్ఞకు కాదు, అందులోని సమాచారాన్ని తుడిచేయమని యజమాని పంపగల ఆజ్ఞకు. 2024లో వచ్చిన ఐఓఎస్ 18.1తో, మూడు రోజులు ఎవరూ తెరవని ఐఫోన్ తనంతట తానే ఆగి లేచి ఆ గట్టి తాళం వేసుకుంటోంది. 2025లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్‌కు అటువంటి ఏర్పాటే తెచ్చింది.